అక్టోబరు 12న స్లాబ్ వేయొచ్చా? సిక్కోలు (శ్రీకాకుళం), ఇజీనారం (విజయనగరం) వాతావరణం తెలిసినవాళ్ళు చెప్పండి

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 29, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాన్న రిటైరయ్యాక ఊళ్ళోనే ఉంటానన్నారు. అందుకని నరసన్నపేట దగ్గర మా పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కడుతున్నాం. గోడలు లేచాయి, ఇక స్లాబ్ వేయాలి. సిద్ధాంతిగారు అక్టోబరు 12 బాగుందన్నారు. నేనూ ఒక వెబ్‌సైటులో శ్రీకాకుళం నెలవారీ వాతావరణం పట్టిక చూశాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షాకాలం, అక్టోబరు నుంచి "ఆహ్లాదకరం, పర్యటనకు అనుకూలం" అని రాసి ఉంది. ఆ వారం నాకు సెలవు కూడా దొరుకుతుంది.

మా మేస్త్రికి తేదీ చెప్తే నవ్వాడు. ఎందుకు నవ్వావంటే "మీ ఇష్టం బాబూ" అన్నాడు, అంతే. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఆ తేదీలో ఏముంది?

ఉద్దానం_కొబ్బరి | ఆగస్టు 29, రాత్రి 9:31

2013 అక్టోబరు 12: ఫైలిన్.
2014 అక్టోబరు 12: హుద్‌హుద్.
2018 అక్టోబరు 11: తిత్లీ.

మీ మేస్త్రి మర్యాదస్థుడు తమ్ముడూ, నవ్వి ఊరుకున్నాడు.

గోదారోడు | ఆగస్టు 29, రాత్రి 9:40

ఆహ్లాదకరం 😂 ఆ పట్టిక రాసినోడిని చిత్త కార్తెలో కళింగపట్నం బీచ్‌లో ఓ రాత్రి పడుకోబెట్టాలి.

చీపురుపల్లి_మాస్టారు | ఆగస్టు 30, ఉదయం 5:50

బాబూ, నువ్వు నెలలు చూశావు. మన ఊళ్ళలో వాన నెలలతో రాదు, కార్తెలతో వస్తుంది. అక్టోబరు 10, 11 తేదీల్లో చిత్త మొదలవుతుంది. పైన ఆయన రాసిన మూడు తుఫాన్లూ చిత్త వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే తీరం దాటాయి. మా నాన్నగారికి ఈ పేర్లేవీ తెలియవు. ఆయన మాత్రం చిత్త వస్తోందంటే పశువుల పాక తాళ్ళు మార్చేవారు, గడ్డివాము మీద అడ్డ కర్రలు వేయించేవారు. అడిగితే "చిత్త చిత్తం చెప్పలేం" అనేవారు. అది సామెతో, ఆయన సొంత మాటో ఇప్పటికీ నాకు తెలీదు.

నువ్వు అడిగావు కాబట్టి మొత్తం చెప్తాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయి. మృగశిర జూన్ 7, 8కి వస్తుంది, తొలకరి పడాలి. ఆరుద్రలో ఆకుమడులు సిద్ధమైపోవాలి. పునర్వసు, పుష్యమిల్లో ఉభాలు, అంటే వరి నాట్లు. ఇప్పుడు మఖ అయిపోయి పుబ్బ వస్తోంది. "మఖా పుబ్బలు వరపైతే మహా ఎత్తు కరువు" అన్నారు. మా గరువుల్లో, అంటే మెట్ట చేలల్లో, పన్నెండు రోజులుగా చినుకు లేదు. చేలు నెర్రెలిస్తున్నాయి. నీకేమో వాన పడకూడదు, మాకేమో పడాలి.

వానకొలత | ఆగస్టు 30, ఉదయం 8:05

మాస్టారికి నమస్కారం. కార్తెల మీద నాకు గౌరవమే, కానీ చిత్త వచ్చింది కాబట్టి తుఫాను వచ్చింది అనుకుంటే పొరపాటు. దాని వెనక కారణం ఉంది, అదేమిటో చెప్తాను. (పరిచయం: శ్రీకాకుళం టౌనులో ఉంటాను. మేడమీద వర్షమాపకం పెట్టుకుని రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి చూసి నోట్‌బుక్కులో రాసుకుంటాను. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది.)

జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతం ఉత్తరాన అల్పపీడనాలు వరసగా పుడతాయి. మన రెండు జిల్లాలకీ ఏడాది వానలో పెద్ద భాగం వీటివల్లే. అవి ఒడిశా మీదుగా పడమరకు పోతూ మన కొండల మీద కురిపిస్తాయి. అవి వాయుగుండం దాకా వచ్చి ఆగిపోతాయి తప్ప తుఫాను అయ్యేది తక్కువ. ఆ రోజుల్లో సముద్రం మీద కింద నైరుతి గాలి ఒక వైపు వీస్తుంది, చాలా ఎత్తులో తూర్పు గాలి ఎదురు వైపు వీస్తుంది. కింద ఒకడు, పైన ఒకడు చెరో వైపు లాగుతుంటే సుడి నిటారుగా నిలబడలేదు.

అక్టోబరుకి ఆ రెండు గాలులూ నెమ్మదిస్తాయి. సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అప్పుడు అండమాన్ దగ్గర పుట్టిన సుడికి అడ్డు ఉండదు. అది వాయవ్యంగా వస్తే ఎదురుగా ఉండేది గోపాల్‌పూర్ నుంచి విశాఖ దాకా ఉన్న మన తీరమే. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి ఎక్కువగా దక్షిణానికి, నెల్లూరు, తమిళనాడు వైపు జారిపోతాయి. మీ నాన్నగారి చిత్త కార్తె కచ్చితంగా ఈ సందులోనే పడుతుంది మాస్టారూ.

ఇక తమ్ముడు చూసిన పట్టిక. అది అబద్ధం చెప్పలేదు. అక్టోబరులో ఇరవై రోజులు ఆకాశం నీలంగా, చల్లగా, బ్రహ్మాండంగా ఉంటుంది. ఏ మూడు నాలుగు రోజుల్లోనో నెల వానంతా పడిపోతుంది. సగటు తీస్తే ఆహ్లాదకరమే.

కాశీబుగ్గ_కుర్రాడు | ఆగస్టు 30, ఉదయం 10:20

అందరూ కలిసి ఆయన్ని భయపెడుతున్నారు. పదేళ్ళకు పైగా లెక్కలో మూడుసార్లు వచ్చింది, మిగతా ఏళ్ళు? 2021 డిసెంబరులో జవాద్ తుఫాను అన్నారు, స్కూళ్ళు మూశారు, రైళ్ళు ఆపారు, జనాన్ని లారీలెక్కించి తీసుకుపోయారు. చివరికి అది తీరానికి రాకుండానే నీరసపడి పూరీ వైపు పోయింది. మా నాన్న ఆ భయంతో కోసిన వరి తడి పనలే కుప్ప వేయించి నష్టపోయాడు. వాతావరణం వాళ్ళ మాట విని నష్టపోయినవాళ్ళ సంగతి ఎవరూ రాయరు.

ఉద్దానం_కొబ్బరి | ఆగస్టు 30, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ కాశీబుగ్గ, తిత్లీకి నీ వయసెంత? నేను భయపెట్టడం లేదు, చూసింది చెప్తాను. కాస్త పెద్దదే, చదవండి.

మాది ఉద్దానం తీరం, వజ్రపుకొత్తూరు వైపు. పదో తేదీ రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. అప్పటికి వాన మామూలే. ఒంటిగంట దాటాక గాలి శబ్దం మారింది. ఈల కాదు, లారీ ఇంజను ఇంటి పక్కన ఆన్‌లో పెట్టినట్టు ఒకటే గుర్రు. అమ్మ, నేను, చెల్లి స్లాబ్ ఉన్న ఒక్క గదిలో మంచం గోడకు ఆనించి కింద కూర్చున్నాం. వంటింటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే చెల్లి లెక్కపెట్టింది. మొత్తం తొమ్మిది రేకులు, ఏడో దాని దగ్గర మానేసింది.

తెల్లవారుజామున ఒక్కసారిగా ఆగిపోయింది. అంతా అయిపోయిందనుకుని పక్కింటి పెద్దయ్య టార్చిలైటుతో బయటికొచ్చాడు, పశువుల్ని చూద్దామని. అమ్మ కేకలేసి లోపలికి లాక్కొచ్చింది. అరగంటలో మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. ముందు ఉత్తరపు గాలికి ఒకవైపు వాలిన చెట్లు దక్షిణం గాలి తిరిగి కొట్టగానే పుటుక్కుమని విరిగాయి. కొబ్బరికి కాండం విరగక్కర్లేదు, నడినెత్తిన ఉండే మొవ్వు మెలిక తిరిగితే చాలు, చెట్టు చచ్చినట్టే. కొన్ని చెట్లు పచ్చగానే నిలబడ్డాయి, సంక్రాంతికి మొవ్వు వేలాడేసి ఎండిపోయాయి.

తెల్లారాక బయటికొస్తే ముందు నాకు అర్థం కాలేదు, ఏదో తేడాగా ఉందనుకున్నా. మా గుమ్మంలోంచి సముద్రం కనిపిస్తోంది. పుట్టి పెరిగిన ఇంట్లోంచి ఎప్పుడూ కనిపించలేదు, మధ్యలో తోటలు ఉండేవి.

పన్నెండు రోజులు కరెంటు లేదు. ఎవరో టెక్కలి నుంచి జనరేటర్ తెచ్చి ఫోను ఛార్జింగుకి ఇరవై రూపాయలు తీసుకున్నారు. బోరు నీళ్ళకి బిందెల వరస. కొబ్బరి మళ్ళీ పెడితే కాపుకి ఆరేడేళ్ళు. జీడి, పనస కూడా మళ్ళీ మొదటినుంచే. తిత్లీ అంటే సీతాకోకచిలుకట, ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చిందట. ఎంత అందమైన పేరో.

తేలుకుంచి_కోడలు | ఆగస్టు 30, మధ్యాహ్నం 3:02

అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా ఇచ్ఛాపురం వైపు ఫైలిన్ అలాగే చేసింది. అది గోపాల్‌పూర్ దగ్గర దాటింది కదా, మాకు కూతవేటు దూరం. అది వెళ్ళిన పది రోజులకి మళ్ళీ అల్పపీడనం వచ్చి రోజుల తరబడి ముసురు పట్టింది. గాలికి పడిపోయిన వరి నీళ్ళలో నాని కంకి మీదే మొలకలెత్తింది. తుఫాను కంటే ఆ ముసురే ఎక్కువ ఏడిపించింది మమ్మల్ని.

వానకొలత | ఆగస్టు 30, సాయంత్రం 6:44

ఉద్దానం గారూ, గాలి ఆగి మళ్ళీ ఎదురు దిక్కున కొట్టిందన్నారే, తుఫాను కన్ను మీ మీదుగా పోయిందన్నమాట. మన తుఫాను సుడి అపసవ్యంగా, గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ముందు ఉత్తరపు గాలి, కన్ను దాటాక దక్షిణపు గాలి. మీ అమ్మగారు పెద్దయ్యని లోపలికి లాగి మంచి పని చేశారు. చాలామంది ఆ అరగంటలోనే చనిపోతారు.

కాశీబుగ్గ తమ్ముడికి: నీ కోపం న్యాయమే. జవాద్ బలహీనపడటం వాతావరణ శాఖ తప్పు కాదు, కానీ తడి పనల నష్టం నిజమే. ఒక పనిచేయండి ఈసారి. కోసిన పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వాటి మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది, వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇదే. పనల్ని తిరగేసి ఆరాకే కుప్ప వేయాలి. తడిది కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. తర్వాత కొనుగోలు దగ్గర తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపుతారు.

సైట్_ఇంజనీర్ | ఆగస్టు 30, రాత్రి 8:30

అసలు ప్రశ్న స్లాబ్ గురించి కదా, దాని సంగతి నేను చెప్తాను. విజయనగరం జిల్లాలో పద్నాలుగేళ్ళుగా ఇదే పని.

వాన పడితే స్లాబ్ పోతుందని అందరూ భయపడతారు. కాంక్రీటు వేసిన మొదటి నాలుగైదు గంటలే ప్రమాదం, పైన సిమెంటు పాలు కొట్టుకుపోయి కంకర తేలుతుంది. గట్టిపడ్డాక పడే వాన ఫ్రీ క్యూరింగ్. జూలైలో వేసిన స్లాబ్‌లు నావి చాలా ఉన్నాయి, టార్పాలిన్లు దగ్గర పెట్టుకుంటాం. ఒక్క చుక్క కారలేదు.

అక్టోబరులో భయం వేరు. సెంట్రింగ్ కొట్టి, ఊచ కట్టి, రేపు కాంక్రీటు అనగా వాయుగుండం అన్నారనుకోండి, ఆ పలకలూ బొంగులూ గాలికి లేచాయంటే పక్కవాడి ఇంటి మీద పడతాయి. హుద్‌హుద్‌కి ముందురోజు ఒక చోట అలాగే దొరికిపోయాం. రాత్రికి రాత్రి పలకలు విప్పించాం. కూలీ రెట్టింపు అయింది. ఇంకోటి, ఏట్లో నీళ్ళుంటే ఇసుక ర్యాంపులు నడవవు, ఎక్కడో నిల్వ చేసిన ఇసుక రెండింతలకి కొనాలి.

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 30, రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. చదివాక మేస్త్రికి ఫోన్ చేసి సారీ చెప్పాను, మళ్ళీ నవ్వాడు.

పోనీ నవంబరు? కార్తీకం, అమ్మ కూడా ఒప్పుకుంటుంది.

బొబ్బిలి_వీణ | ఆగస్టు 31, ఉదయం 6:15

కార్తీకంలో ఆకాశం బాగానే ఉండొచ్చు, మనుషులు దొరకరు తమ్ముడూ. కోతలు. మీ మేస్త్రి దగ్గర పనిచేసేవాళ్ళలో సగం మంది సొంత చేలకో, పక్క చేలకో పోతారు. ఎకరం కోసి కుప్ప వేసే పని వదిలి నీ స్లాబ్‌కి ఎవరొస్తారు? పైగా నవంబరులో ఎక్కడో చెన్నై దగ్గర తుఫానంటే మనకి ఇక్కడ మూడు రోజులు మబ్బూ, జల్లూ. మన జిల్లాకి ఏం కాదులే అనుకుంటాం, కళ్ళంలో ధాన్యం తడిసిపోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎక్కడి బాపట్ల, ఎక్కడి బొబ్బిలి. బరకాలు మోసి మోసి నడుం పోయింది మాకు. 2025 అక్టోబరు చివర్లో మోంథా గోదావరి జిల్లాల వైపు దాటితే కూడా మనకి వాన తప్పలేదు.

కాశీబుగ్గ_కుర్రాడు | ఆగస్టు 31, ఉదయం 9:00

వానకొలత గారు, ఉప్పు సంగతి నాన్నకి చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. 2021లో నాకు మీరు తెలీదు కదా అన్నాను.

నాగావళి_గట్టు | ఆగస్టు 31, మధ్యాహ్నం 12:40

వరద సంగతి ఎవరూ ఎత్తలేదేం? మాకు వాన కంటే అదే పెద్ద విషయం.

పైన ఎండ కాస్తుంటుంది. ఆడవాళ్ళు వడియాలు ఎండబెట్టుకుంటుంటారు. ఏట్లో మాత్రం నీళ్ళు ఎర్రగా మారి గట్టెక్కుతాయి. తెలియనివాళ్ళకి వింతే. నాగావళి, వంశధార రెండూ పుట్టేది ఒడిశాలో, కలహండి కొండల్లో. రాయగడ వైపు రాత్రంతా దంచితే మాకు ఎండలోనే వరద. నీళ్ళ రంగు చూసి మా తాత చెప్పేవాడు, ఇది కొండ నీరు, ఇది గెడ్డ (వాగు) నీరు అని. కొండ నీటికి మట్టి వాసన వేరుగా ఉంటుంది, దానిలో ఎండు వెదురు, ఆకూ అలమూ కొట్టుకొస్తాయి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో తోటపల్లి గేట్లు ఎన్ని ఎత్తారో వస్తుంది. అటు వంశధార వాళ్ళకి గొట్టా బ్యారేజీ కబురు. మేం మోటార్లు విప్పి గట్టు మీదకి తెచ్చేసుకుంటాం. ఏటి ఒడ్డున వేసిన వంగ, బెండ మళ్ళు పోతే పోయాయి, మోటారు దక్కితే చాలు.

తిత్లీకి కూడా గాలి పోయిన తర్వాత వంశధార పొంగింది. గాలి ఉద్దానాన్ని కొడితే నీళ్ళు ఇటువైపు వచ్చాయి.

నరసన్నపేట బాబూ, మీ ఊరు వంశధార ఏటికి ఎంత దూరం? పునాది ఎంత ఎత్తు లేపారు?

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 31, మధ్యాహ్నం 1:10

ఏరు మాకు దూరమే అన్నా. పునాది మాత్రం నాన్న పట్టుబట్టి రోడ్డు కంటే మూడడుగులు లేపించారు. అప్పుడు డబ్బు దండగని ఆయనతో గొడవపడ్డాను.

భావనపాడు_తెప్ప | ఆగస్టు 31, సాయంత్రం 5:25

మా వైపు మాట కూడా వినండి. గాలి లేకుండా కెరటం పెద్దదై, ఒక్కోటీ ఆలస్యంగా, బరువుగా వచ్చి పడుతుంటే దూరంగా ఎక్కడో గుండం ఉందన్నమాట. రేడియోలో చెప్పే రోజులకి ముందే మా నాన్న తెప్పలు పైకి లాగించేసేవాడు. ఇప్పుడు ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో ఫోనులోనే తెలుస్తుంది, అయినా ఆయన ఒడ్డుకెళ్ళి కాసేపు కెరటాన్నే చూస్తాడు.

మామూలు రోజుల్లో తెల్లవారుజాము కొండగాలికి లోపలికి పోతాం, మధ్యాహ్నం సముద్రపు గాలికి వెనక్కి వస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ వలలు బాగు చేసుకుంటూ ఎండ తింటూ కూర్చుంటాం. గాలి సముద్రం నుంచి తిరిగిందంటే సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి పట్టుకుని వదలని రోజుంటుంది చూశారా, ఇసుకలో కాలు పెట్టలేం.

గోదారోడు | ఆగస్టు 31, సాయంత్రం 6:02

వేసవిలో మీకు మాకంటే నయం అనుకున్నాను. థర్మామీటరు 36 చూపిస్తుంది కదా.

వానకొలత | ఆగస్టు 31, సాయంత్రం 6:50

36 అంకె చూసి మోసపోకండి. గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఒంటికి నలభై దాటినట్టే ఉంటుంది. చొక్కా విప్పితే పిండుకోవచ్చు. పైరగాలి రాకుండా పడమటి వేడిగాలి సముద్రం దాకా వచ్చేసిన రోజున అంకె కూడా నలభై దాటుతుంది. లోపలికి, సాలూరు, పార్వతీపురం, గజపతినగరం వైపు ఇంకా ఎక్కువ. అంబలి తాగి, మధ్యాహ్నం నీడపట్టున ఉండటం తప్ప మార్గం లేదు.

ఆ వేడికి విరుగుడుగా ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చేవి గాలివానలు. ఒడిశా కొండల మీద మధ్యాహ్నం మేఘం పుట్టి, సాయంత్రానికి నల్లగా గోడలా నడిచొస్తుంది. బెంగాల్ వాళ్ళు కాలవైశాఖి అంటారు. అరగంట దుమ్ము, అరగంట వాన, మధ్యలో పిడుగులు. మన రెండు జిల్లాల్లో పిడుగుపాటు చావులు ఎక్కువే. మేకల కాపరులు, పొలంలో ఒంటరిగా ఉన్నవాళ్ళు, చెట్టు కింద దూరినవాళ్ళు. ఉరుము వినిపించిందంటే పక్కా ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. దామిని యాప్ వేసుకోండి, చుట్టుపక్కల ఎక్కడ పిడుగు పడుతోందో చూపిస్తుంది. విపత్తుల సంస్థ నుంచి మండలం పేరుతో ఫోనుకి మెసేజ్ కూడా వస్తుంది. దాన్ని లోన్ ఆఫర్ అనుకుని తుడిచేయకండి.

బొబ్బిలి_వీణ | ఆగస్టు 31, రాత్రి 7:30

గాలివాన పేరెత్తితే నాకు సువర్ణరేఖ మామిళ్ళే గుర్తొస్తాయి. కాయ తయారై, వ్యాపారి ధర ఒప్పుకుని, రెండు రోజుల్లో కోద్దామనుకున్న రోజే వస్తుంది. తెల్లారేసరికి చెట్టు కింద కాలు పెట్టడానికి చోటుండదు. రాలినవాటిని పచ్చడి కాయ కింద కిలోల లెక్కన కాదు, బస్తాల లెక్కన అడుగుతారు. అదే వానకి దుక్కి పదునైందని పక్క రైతు నువ్వులు చల్లుకుంటాడు. ఒక్క వాన, గట్టుకి అటొకళ్ళు ఇటొకళ్ళు.

చలికాలం గురించి కూడా రాస్తాను. మనకి చలి పెద్దగా ఉండదంటారు, పొగమంచు సంగతి చెప్పరు. జనవరిలో పొద్దున్న ఎనిమిదైనా ఎదుటి మనిషి కనపడడు. మామిడి పూత మీద మంచూ మబ్బూ కలిసి పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. జీడి వాళ్ళకి టీ దోమ అనే పురుగు. మా ఆయన జనవరిలో ఆకాశం చూసే చూపు పెళ్ళిచూపుల్లో నన్ను కూడా చూడలేదు.

ఉద్దానం_కొబ్బరి | ఆగస్టు 31, రాత్రి 7:41

వీణక్కా 😂 జీడిపూత రోజుల్లో మా నాన్నా అంతే. ఆకాశం మబ్బేస్తే అన్నం తినడు.

చీపురుపల్లి_మాస్టారు | సెప్టెంబరు 1, ఉదయం 5:45

అరసవల్లి సూర్యదేవుడి గుడి సంగతి ఎవరూ రాయలేదే. మార్చిలోనూ, అక్టోబరు మొదట్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు గోపురం దాటి స్వామి పాదాల మీద పడతాయి. నేను ఐదారుసార్లు వెళ్ళాను. మార్చిలో వెళ్ళినప్పుడు దొరికింది. అక్టోబరులో వెళ్ళిన ప్రతిసారీ తూర్పున మబ్బు. జనం తెల్లవారుజాము నుంచి నిలబడి, ఆ కొద్ది నిమిషాలూ దాటిపోయాక నిట్టూర్చి ప్రసాదం తీసుకుని వెళ్ళిపోతారు. మా అబ్బాయి అన్నాడు, "సూర్యుడి గుళ్ళో సూర్యుడికే సెలవు" అని. అక్టోబరు ఎలాంటిదో ఆ క్యూలో నిలబడితే తెలుస్తుంది. ఇటు ఇజీనారంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు కూడా సగం ఏళ్ళు గొడుగులతోనే చూశాం. వాన పడితే అమ్మవారు చల్లగా చూసిందంటారు, పడకపోయినా అదే అంటారు.

తేలుకుంచి_కోడలు | సెప్టెంబరు 1, ఉదయం 11:20

మా ఊళ్ళో కార్తెలూ యాప్‌లూ కాదు, కొంగలు. నత్తగుల్ల కొంగలు జూన్‌లో వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. అవి వచ్చాయంటే వాన వచ్చినట్టే అని మా అత్తగారు విత్తనాల బస్తా కిందికి దింపిస్తారు. వాటిని ఎవరూ కొట్టరు, పిల్లలు రాయి వేసినా తిట్లే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ వాసన భరించలేక ఏడ్చాను. ఇప్పుడు నవంబరుకి అవి వెళ్ళిపోతే ఇల్లు ఖాళీ అయినట్టుంటుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పెద్ద పిట్టలు, పెలికాన్‌లు, మావి వెళ్ళే రోజుల్లో వస్తాయి.

ఒక ఏడాది కొంగలు వచ్చాయి, వాన రాలేదు. అత్తగారిని అడిగితే "వాటికి కూడా మోసం జరిగింది" అన్నారు.

వానకొలత | సెప్టెంబరు 1, మధ్యాహ్నం 2:15

మీ అత్తగారి జవాబు నా నోట్‌బుక్కులో రాసుకున్నాను అమ్మా.

కాశీబుగ్గ_కుర్రాడు | సెప్టెంబరు 1, మధ్యాహ్నం 2:40

ఒక డౌటు. వార్తల్లో "10 మి.మీ. వర్షం" అంటారు. నిజంగా ఎంత నీరు అది? అంకె చూస్తే ఏమీ లేనట్టుంటుంది.

వానకొలత | సెప్టెంబరు 1, మధ్యాహ్నం 3:30

మంచి ప్రశ్న. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు. ఎకరం నాలుగు వేల చదరపు మీటర్ల పైమాట. కాబట్టి 10 మి.మీ. పడితే నీ ఎకరానికి నలభై వేల లీటర్లు ఉచితంగా వచ్చినట్టు. అదే ఒక రోజులో 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ అని శాఖ లెక్క. మన రెండు జిల్లాలకీ ఏడాది మొత్తం సగటు వెయ్యి దాటి పదకొండు వందల అటూ ఇటూ ఉంటుంది. అంటే అత్యంత భారీ వాన ఒక్కటి పడితే ఏడాదిలో ఐదో వంతు ఒక్క రోజులో వచ్చేసినట్టు. చెరువు గట్టు తెగేది అలాంటి రోజే. మదుము (చెరువు తూము) ముందే ఎత్తి పెట్టుకోని ఊళ్ళకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇంకోటి. గాలి లెక్క కూడా గుర్తుంచుకో. గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62 దాటితే తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. "అల్పపీడనమే కదా" అని తేలిగ్గా తీసుకోకు. అల్పపీడనానికి గాలి లేకపోవచ్చు, వాన ఉంటుంది.

సైట్_ఇంజనీర్ | సెప్టెంబరు 1, రాత్రి 9:00

తమ్ముడూ, నా సలహా ఫిబ్రవరి. వాన ఉండదు, గాలి ఉండదు, కోతలు అయిపోయి మనుషులు దొరుకుతారు, ఏరు తగ్గి ఇసుక వస్తుంది. క్యూరింగ్‌కి మాత్రం నీళ్ళు కాపలా కాయాలి. స్లాబ్ మీద మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టండి, రెండు వారాలు తగ్గకూడదు. ఏప్రిల్‌కి పోనిస్తే ఆ ఎండకి స్లాబ్ పగుళ్ళిస్తుంది.

జనవరి కూడా బాగుంటుంది కానీ పుష్యం.

నరసన్నపేట_అబ్బాయి | సెప్టెంబరు 3, రాత్రి 10:30

ఇంట్లో చర్చ అయింది. జనవరి అనగానే అమ్మ "పుష్యమాసంలో ఇంటి పని ముట్టుకోవద్దు" అంది, ఇంజనీరుగారు ఊహించినట్టే. మాఘమాసంలో పెట్టుకుంటున్నాం. సిద్ధాంతిగారికి ఫోన్ చేసి తుఫాను సంగతి చెప్తే, "నేను గ్రహాలు చూశాను నాయనా, గుండాలు చూడలేదు" అన్నారు. ఇంకో తేదీ రాసిచ్చారు.

గోడల మీద ఊచలు బయటికి ఉన్నాయి, నాలుగు నెలలు వానకి తుప్పు పట్టవా? గోడలకి ఏమైనా చేయాలా?

సైట్_ఇంజనీర్ | సెప్టెంబరు 3, రాత్రి 10:48

ఊచలకి సిమెంటు పాలు పూయించండి, సరిపోతుంది. గోడల నెత్తిన పాలిథిన్ పరిచి ఇటుకలు పెట్టండి, లేకపోతే నీళ్ళు గోడలోకి దిగుతాయి. చిత్తకి ముందు సైటులో ఉన్న రేకులు, పలకలు, ఖాళీ సిమెంటు గోతాలు అన్నీ కట్టేయించండి. డ్రమ్ములు బోర్లించకండి, నీళ్ళతో నింపి ఉంచండి. ఖాళీ డ్రమ్ము గాలికి దొర్లుతుంది.

ఉద్దానం_కొబ్బరి | సెప్టెంబరు 3, రాత్రి 11:05

నాన్నగారు ఊళ్ళో ఒక్కరే ఉంటారా అక్టోబరులో? టార్చి, కొవ్వొత్తులు, మందులు, రెండు రోజుల తాగునీళ్ళు ముందే సర్దిపెట్టమనండి. ఫోను పూర్తిగా ఛార్జి చేసుకోమనండి. 1070, 112 నంబర్లు పెద్ద అక్షరాల్లో గోడ మీద రాయించండి. మధ్యలో గాలి ఆగితే బయటికి రావద్దని మరీ మరీ చెప్పండి.

నరసన్నపేట_అబ్బాయి | సెప్టెంబరు 3, రాత్రి 11:12

ఇల్లు పూర్తయ్యేదాకా మా మేనత్తగారింట్లో ఉంటున్నారు అన్నా. వాళ్ళది డాబా. అయినా చెప్తాను. సెలవు ఎలాగూ పెట్టాను కాబట్టి ఆ వారం నేనూ అక్కడే ఉంటాను.

చీపురుపల్లి_మాస్టారు | సెప్టెంబరు 6, ఉదయం 4:55

రాత్రి రెండున్నరకి మొదలైంది. ఇంకా పడుతోంది. పెంకుల మీద చప్పుడు వింటూ పడుకోలేక లేచి కూర్చున్నాను. మెట్ట చేలకి ఇది చాలదు కానీ ప్రాణం నిలబడుతుంది.

వానకొలత | సెప్టెంబరు 6, ఉదయం 8:40

మా టౌనులో 31 మి.మీ. మాస్టారూ. మీ ఎకరానికి లక్షా పాతికవేల లీటర్లు, మీకూ అంతే పడి ఉంటే.

చీపురుపల్లి_మాస్టారు | సెప్టెంబరు 6, ఉదయం 9:10

నాది ఎకరం కాదు, రెండున్నర. గొడుగు వేసుకుని గట్టు మీదకి పోతున్నాను, వచ్చాక లెక్కపెడతాను.